సైలెన్సర్ పైపు నట్టు కదలనంటోంది: పానాకి గొట్టం తొడిగి లాగవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి (ఇంజిన్ పొగను బయటికి చేర్చే పోత ఇనుప భాగం) కింది పైపు కలిసే ఫ్లాంజ్ (నట్లతో బిగించే వెడల్పాటి అంచు) దగ్గర మూడు నట్లున్నాయి. రెండు ఊడివచ్చాయి, మూడోది పట్టేసింది. డబ్ల్యూడీ-40 కొట్టి పావుగంట ఆగి లాగితే పానా జారింది, నట్టు మూలలు అరగడం మొదలైంది. ఇప్పుడు పానాకి పొడవాటి ఇనుప గొట్టం తొడిగి గట్టిగా లాగాలా, లేక గ్యాస్ టార్చ్‌తో కాల్చాలా అన్నది మీ సందేహం. పక్కనే ఉన్న ఆక్సిజన్ సెన్సర్‌కి (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) వేడి తగిలితే పాడవుతుందా అని కూడా అడిగారు.

గొట్టం వద్దండి. వేడి మంచి మార్గమే, కానీ దానికి ముందు చేయాల్సినవి ఉన్నాయి. ఈ రాత్రికి పని ఆపేసి, తుప్పు గీకి, మంచి పెనిట్రేటింగ్ ఆయిల్ (సన్నటి సందుల్లోకి పాకే పల్చటి నూనె) పట్టించి వదిలేయండి. రేపు ఆరు మూలల సాకెట్ (నట్టును చుట్టూ కప్పి పట్టే గిన్నె పానా) సుత్తితో కొట్టి బిగుతుగా ఎక్కించి, ముందు బిగించే వైపు, తర్వాత విప్పే వైపు కొంచెం కొంచెంగా కదపండి. కదలకపోతే నట్టును మాత్రమే కాల్చండి. అప్పటికీ రాకపోతే నట్టును కోసి పారేయండి. ఈ పనిలో మీరు కాపాడాల్సింది స్టడ్‌ను. నట్టు పోయినా పరవాలేదు.

స్టడ్ అంటే తల లేని బోల్టు. దాని ఒక కొన మానిఫోల్డ్ పోత ఇనుములోకి దిగి ఉంటుంది, రెండో కొన మీద మీ నట్టు ఉంటుంది. ఆ నట్టు ఎలాగూ మళ్లీ వాడరు, కొత్తది వేస్తారు. స్టడ్ మొదలంటా తెగితే మాత్రం కారు కింద పడుకుని, పైకి చూస్తూ, గట్టి ఇనుములో సరిగ్గా మధ్యకి డ్రిల్ వేయాలి. అరగంట పని రెండు రోజులు సాగేది అక్కడే. అందుకే ప్రతి అడుగులోనూ ఇందులో స్టడ్‌కి ఎంత ప్రమాదం అని లెక్క వేసుకోండి. మిగతాదంతా ఆ లెక్క ప్రకారమే చెబుతున్నాను.

ముందు గొట్టం సంగతి. 8.8 అనే బలం గ్రేడ్ ఉన్న ఎం10 (10 మిల్లీమీటర్ల మందం) బోల్టును మామూలుగా 45 నుంచి 50 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి, అంటే టార్క్‌కి కొలత) దగ్గర బిగిస్తారు. ఎం8 అయితే 25 దగ్గర. 20 సెంటీమీటర్ల పానా మీద ఒక మనిషి 40 కిలోల బలంతో లాగితే దాదాపు 80 న్యూటన్ మీటర్లు పడుతుంది. అదే బలం మీటరు పొడవు గొట్టం చివర పెడితే 400. ఎం10 స్టడ్ అంత మెలిపెడితే ఉండదు, అంతకు చాలా ముందే తెగుతుంది. అందులోనూ ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి, తుప్పుకి సగం మెడ సన్నబడిన స్టడ్ ఇంకా తొందరగా పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పొట్టి పానాతో లాగేటప్పుడు లోహం ఏం చేస్తోందో చేతికి తెలుస్తుంది. పొడవాటి గొట్టంతో ఆ స్పర్శ పోతుంది. టప్‌మని చప్పుడు వచ్చాక గానీ సంగతి తెలియదు. కారు జాకీ మీద ఉండగా అంత బలంగా లాగితే బండి పక్కకు ఒరిగే ప్రమాదం వేరే ఉంది. కింద దూరే ముందు స్టాండ్లు పెట్టారనే అనుకుంటున్నాను. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి వెళ్లకండి.

మీరు రాసినదాంట్లో నాకు వెంటనే తట్టిన విషయం ఒకటుంది. మిగతా రెండు నట్లూ తీసేశారు కదా. అంటే ఇప్పుడు పైపు బరువంతా ఈ మూడో నట్టు మీద వేలాడుతోంది, ఫ్లాంజ్ ఒక పక్కకు వాలి ఉంటుంది. అలా పక్కకు లాగుతున్న నట్టు తుప్పు లేకపోయినా కదలనని మొరాయిస్తుంది. ఊడివచ్చిన రెండు నట్లనూ మళ్లీ ఎక్కించి చేత్తో పట్టినంత బిగించండి. లేదా పైపు కింద చిన్న జాకీయో చెక్క దిమ్మో పెట్టి ఫ్లాంజ్ సమంగా ఆనేలా ఎత్తండి. ఈ ఒక్క పనితోనే నట్టు వదిలేసిన సందర్భాలు నా షెడ్డులో చాలా చూశాను. పైపుల్లాంటి బరువైన వాటికి అన్ని నట్లనూ ముందు ఒక్కో చుట్టు వదులు చేసుకుని, ఆ తర్వాతే ఒక్కొక్కటి పూర్తిగా తీయడం మంచి పద్ధతి.

అది నిజంగా తుప్పేనా?

ఇది కూడా చూసుకోవాలి. కదలని నట్టు ప్రతిదీ తుప్పు పట్టింది కాదు. కొన్ని నట్లకు లోపల నైలాన్ వలయం ఉంటుంది, అది స్టడ్ మరల (చుట్టలు తిరిగిన గాడుల) మీద చివరిదాకా బిగుతుగానే నడుస్తుంది. ఎగ్జాస్ట్ దగ్గర నైలాన్ ఆ వేడికి నిలవదు కాబట్టి అక్కడ పైభాగం కొంచెం నొక్కి కోడిగుడ్డు ఆకారంలోకి తెచ్చిన లోహపు లాక్ నట్లు వాడతారు. అవీ అంతే, చివరిదాకా పట్టుగానే వస్తాయి. దాన్ని చూసి స్టడ్ తెగేలా ఉందని కంగారు పడనక్కర్లేదు.

ఒకాయన సస్పెన్షన్‌లోని స్టెబిలైజర్ లింక్ (బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీని కలిపే ముక్క) నట్టు తుప్పు పట్టి రావడం లేదంటూ బండి తెచ్చాడు. చూస్తే తుప్పు పెద్దగా లేదు. నట్టుతో పాటు లోపలి బాల్ స్టడ్ కూడా తిరిగిపోతోంది, అంతే. స్టడ్ కొనలో ఆలెన్ కీ పట్టే చిన్న ఆరు మూలల రంధ్రం ఉంటుంది. అందులో కీ పెట్టి పట్టుకుని, రింగ్ పానాతో నట్టు తిప్పితే వచ్చేసింది. ఆ రంధ్రం నిండా మట్టి పట్టి ఉండటంతో ఆయనకు కనపడలేదు. బాల్ జాయింట్ నట్టయితే ఇంకో కిటుకు ఉంది. జాయింట్ కింద జాకీ పెట్టి పైకి ఒత్తితే కోసుగా ఉన్న స్టడ్ తన రంధ్రంలో బిగుసుకుని తిరగడం మానేస్తుంది.

ఎడమ మర (మామూలుకి తిరగబడి, ఎడమవైపు తిప్పితే బిగిసేది) సంగతి కూడా గుర్తుండాలి. మీ ఫ్లాంజ్ దగ్గర అది ఉండదు. కానీ కొన్ని టై రాడ్లకు (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీలు) ఒక కొన, కొన్ని రేడియేటర్ ఫ్యాన్ క్లచ్‌లు, కొన్ని పాత కార్ల ఎడమ చక్రాల నట్లు ఎడమ మరతో ఉంటాయి. వాటిని విప్పుతున్నామనుకుని బిగిస్తూ పోతాం. బయటికి వచ్చిన మరలు ఏ వైపు ఎక్కుతున్నాయో ఒకసారి చూస్తే సరిపోతుంది. ఎర్ర రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పూసే జిగురు) వేసి బిగించిన బోల్టయితే ఆయిల్ ఎంత పోసినా లాభం లేదు. దాదాపు 250 డిగ్రీల దాకా వేడి చేస్తే తప్ప ఆ జిగురు మెత్తబడదు.

గీకడం, తడపడం, కొట్టడం

మీది తుప్పే అనుకుందాం. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది. నట్టుకీ స్టడ్‌కీ మధ్య మరల్లో ఉండే సందు వెంట్రుకంత. ఆ సందులో తుప్పు ఉబ్బి గట్టిపడుతుంది. ఎగ్జాస్ట్ దగ్గర రోజూ బాగా కాలడం, చల్లారడం, నీళ్లు చిమ్మడం వల్ల అది ఇంకా ముదురుతుంది. దాన్ని వదిలించే దారులు నాలుగే: పొరను చిట్లగొట్టాలి, లోపలికి నూనె దించాలి, నట్టును వ్యాకోచింపజేయాలి, ముందుకీ వెనక్కీ కదిపి పొడి చేయాలి. ఒక్కో దారికి విడిగా అంత శక్తి లేదు. వరసగా, ఓపిగ్గా అన్నీ చేస్తే పని అవుతుంది.

మొదట వైర్ బ్రష్. నట్టు దాటి బయటికి వచ్చిన స్టడ్ మరలను మెరిసేదాకా తోమండి. ఇంట్లో పని చేసుకునే వాళ్లలో ఎక్కువ మంది వదిలేసే పని ఇదే. నట్టు విప్పాలంటే అది ఆ మరల మీదుగానే కదా రావాలి. అక్కడ తుప్పు పెళ్లలు ఉంటే, మొదట్లో వదులైన నట్టు కూడా సగం దారిలో మళ్లీ పట్టేసి, స్టడ్‌ను తెంపుతుంది. బయటి కొన మరీ తినేసి ఉంటే నట్టు అంచు దాకా హ్యాక్సా బ్లేడుతో కోసేసినా తప్పులేదు, స్టడ్ ఎలాగూ మార్చేదే అయితే.

తర్వాత ఆయిల్. డబ్ల్యూడీ-40 పేరులోనే ఉంది, 1953లో అది నీటిని తరిమే మందుగా పుట్టింది. చిన్నచిన్న తుప్పుకి పనికొస్తుంది. గట్టిగా పట్టేసిన వాటికి పెనిట్రేటింగ్ ఆయిల్ అని ప్రత్యేకంగా దొరికేవి మేలు. అవి బాగా పల్చగా ఉండి సన్నటి సందుల్లోకి పాకుతాయి. ఆటోమేటిక్ గేరు ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో కలిపి వాడే మెకానిక్కులు ఉన్నారు. బాగానే పనిచేస్తుంది, కానీ రెండూ కలిసి ఉండవు, ప్రతిసారీ కుదపాలి. పైగా అసిటోన్‌కి నిప్పంటే క్షణం పట్టదు, రబ్బరునూ పెయింటునూ పాడు చేస్తుంది.

ఏ ఆయిల్ అన్నదాని కన్నా ఎంతసేపు అన్నది ముఖ్యం. పావుగంట చాలదండి. సాయంత్రం ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి కొట్టండి. ఆయిల్ రెండు చోట్ల పడాలి: స్టడ్ కొన వైపు మరల మీద, నట్టు ఫ్లాంజ్‌కి ఆనే అంచు మీద. నట్టు కిందికి చూస్తూ ఉంటే పోసిన ఆయిల్ కారిపోతుంది. అప్పుడు గుడ్డ పీలిక తడిపి నట్టు చుట్టూ కట్టి వదిలేయండి. వేడిగా ఉన్న ఎగ్జాస్ట్ మీద ఎప్పుడూ కొట్టకండి, అంటుకుంటుంది.

ఆయిల్ ఒక్కటే లోతుకి దిగదు. మధ్యమధ్య సుత్తితో కొట్టాలి. ఒక బరువైన సుత్తి నట్టు ఒక పక్క ఆనించి, ఎదురు పక్క చిన్న సుత్తితో గట్టిగా, పొట్టిగా దెబ్బలు వేయండి. ఒక్కో జత పక్కలకు అలా చేస్తూ చుట్టూ తిరగండి. ఎదురు ఆసరా లేకుండా కొడితే దెబ్బంతా స్టడ్ మెడ మీద పడుతుంది. దెబ్బలకి తుప్పు పొరలో సన్నటి పగుళ్లు పడతాయి, ఆయిల్ ఆ పగుళ్లలోంచి దిగుతుంది. ఫ్లాంజ్‌ను మాత్రం కొట్టకండి. పోత ఇనుము సాగదు, పగులుతుంది.

పానా ఎంపిక, చేతికి తెలిసే సంగతులు

మూలలు అరగడం మొదలైందన్నారు. మీరు వాడింది నోరు తెరిచిన పానానో పన్నెండు మూలల రింగ్ పానానో అయి ఉండాలి. నోరు తెరిచినది రెండు పక్కలనే పట్టుకుంటుంది. పన్నెండు మూలలది నట్టు మూలల దగ్గరే ఒత్తుతుంది. ఆరు మూలల సాకెట్ పక్కల మీద, మూలకు కొంచెం దూరంగా ఒత్తుతుంది కాబట్టి అరిగిన నట్టును కూడా పట్టగలదు. సాకెట్ పెట్టే ముందు నట్టు పక్కల మీది తుప్పు గీకేయండి. ఆ పెళ్లల వల్లే సాకెట్ పూర్తిగా కిందికి దిగదు.

అయినా వదులుగా ఉంటే కొంచెం చిన్న సాకెట్ వెతికి కొట్టి ఎక్కించండి. 13 మిల్లీమీటర్ల నట్టయితే అర అంగుళం సాకెట్ 12.7 మిల్లీమీటర్లుంటుంది, సరిగ్గా సరిపోతుంది. ఈ పనికి మంచి సాకెట్ తీయకుండా పాతది ఒకటి బలివ్వండి, నట్టు ఊడాక దాన్ని సాకెట్లోంచి బయటికి కొట్టడం ఇంకో పని. లోపల వంకీ గాడులున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్లు కూడా దొరుకుతాయి. అవి తిప్పేకొద్దీ నట్టును కొరికి పట్టుకుంటాయి. అలాంటి సెట్ ఒకటి ఇంట్లో పెట్టుకుంటే చాలాసార్లు పనికొస్తుంది.

ఇప్పుడు తిప్పడం. మొదట బిగించే వైపు. వింతగా ఉంటుంది గానీ, చిన్నగా బిగించే వైపు ఒత్తితే తుప్పు పట్టు తెగుతుంది. గట్టిగా అక్కర్లేదు, కదిలిందా లేదా తెలిస్తే చాలు. కదిలితే విప్పే వైపు అంతే దూరం తిప్పండి. మళ్లీ ఆయిల్. మళ్లీ ముందుకి, వెనక్కి. ప్రతిసారీ కొంచెం ఎక్కువ దూరం. కీచుమని చప్పుడు చేస్తూ వస్తుంటే అది మంచి సూచనే, తుప్పు నలుగుతోందని అర్థం. బిగుతు పెరుగుతుంటే విప్పే వైపు పట్టుబట్టి లాగకండి. అర చుట్టు వెనక్కి బిగించి, ఆయిల్ పోసి మళ్లీ రండి. నట్టు వదులయ్యాక కూడా స్టడ్లు తెంపేవాళ్లు ఎక్కువ. కదిలింది కదా అని ఉత్సాహంగా లాగేస్తారు, లోపలి తుప్పు పొడి మరల మధ్య కూరుకుపోయి మళ్లీ పట్టేస్తుంది.

చేతికి తెలిసే తేడా ఒకటి చెబుతాను, ఇది రాతలో కన్నా చేతిలో బాగా అర్థమవుతుంది. పట్టు వదిలే నట్టు ఠక్కుమని చిన్న చప్పుడుతో కదిలి, అక్కడే ఆగుతుంది, పానా వదిలినా వెనక్కి రాదు. పానాను వదిలితే అది స్ప్రింగులాగా వెనక్కి వస్తోందంటే నట్టు కదల్లేదు, స్టడ్ మెలి తిరుగుతోంది. ఇంకా అధ్వాన్నం ఏంటంటే, చప్పుడు లేకుండా మెత్తగా సాగుతున్నట్టు రావడం. స్టడ్ లోహం లొంగిపోతోందన్నమాట. అక్కడ ఆపేయాలి. నట్టు మీదా స్టడ్ కొన మీదా కలిపి సుద్దముక్కతో ఒక గీత గీసుకుంటే నట్టు ఒక్కటే తిరుగుతోందా, రెండూ కలిసి తిరుగుతున్నాయా అన్నది కంటికే కనపడుతుంది. స్టడ్ కూడా కలిసి మానిఫోల్డ్‌లోంచి ఊడి వస్తుంటే అదృష్టమే, రానివ్వండి, కొత్త స్టడ్ వేసుకోవచ్చు.

ఇంపాక్ట్ రెంచ్ (దెబ్బలు కొడుతూ తిప్పే మర పానా) ఉంటే వాడవచ్చు, తక్కువ స్పీడులో. నిలకడగా లాగే బలం కన్నా చిన్నచిన్న దెబ్బలు తుప్పును బాగా వదిలిస్తాయి. రెండు మూడు సెకన్లు కొట్టి, దిశ మార్చి, మళ్లీ కొట్టాలి. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని కూర్చుంటే గొట్టానికీ దానికీ తేడా లేదు. మామూలు మెరిసే సాకెట్లు దీనికి వాడకండి, పగిలి ముక్కలు ఎగురుతాయి. ఇంపాక్ట్ కోసం చేసిన నల్ల సాకెట్లే వాడాలి. రక్షణ కళ్లద్దాలు ఎలాగూ తప్పవు, తుప్పు కళ్లలో పడేది ఎప్పుడూ పైకి చూస్తున్నప్పుడే.

వేడి

వీటికి లొంగకపోతే వేడి. ఉక్కు ప్రతి డిగ్రీకి మీటరుకు 12 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చొప్పున పెరుగుతుంది. 10 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నట్టును 400 డిగ్రీలు పెంచితే ఆ రంధ్రం 0.05 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. కాల్చితే రంధ్రం లోపలికి మూసుకుపోతుందని కొందరు అనుకుంటారు, అది నిజం కాదు, రంధ్రమూ నట్టుతో పాటే పెరుగుతుంది. 0.05 అంటే చూడటానికి ఏమీ లేనట్టుంది. తుప్పు పొరను చిట్లగొట్టడానికి అది చాలు. కాకపోతే స్టడ్ కూడా అంతే వేడెక్కితే అదీ అంతే పెరుగుతుంది, అప్పుడు లాభం సున్నా. అందుకే నట్టును మాత్రమే, తొందరగా, బాగా కాల్చాలి. చిన్న మంటతో ఎక్కువసేపు కాల్చితే వేడి నెమ్మదిగా స్టడ్‌లోకి పాకిపోతుంది. హాట్ ఎయిర్ గన్ ఈ పనికి సాధారణంగా చాలదు.

మంట కొన నట్టు పక్కల మీద ఆడిస్తూ, నీడలో చూస్తే మసక ఎరుపు కనపడేదాకా కాల్చండి. అది సుమారు 500 నుంచి 600 డిగ్రీలు. అక్కడ మంట తీసేసి వెంటనే సాకెట్ పెట్టి ముందుకీ వెనక్కీ ప్రయత్నించండి. ఎర్రగా ఉన్నప్పుడు లోహం మెత్తగా ఉంటుంది, అందుకని సుత్తి, అతి బలం వద్దు. కదలకపోతే ఎరుపు పోయి నల్లబడేదాకా ఆగి, కొవ్వొత్తి కొనను మరల మొదట్లో ఆనించండి. మైనం కరిగి లోపలికి జారుతుంది. పొగ వస్తుంది, ముక్కు దూరంగా పెట్టుకోండి. మైనం వేసినవి రెండోసారి కాల్పుకి చాలా వరకు వదిలేస్తాయి. వేడెక్కడం, చల్లారడం కూడా తుప్పు పొరను కదిలిస్తాయి కాబట్టి ఒకసారికే రాలేదని నిరాశ పడకండి, మళ్లీ చేయండి.

మంట పెట్టే ముందు ఇవి తప్పనిసరి. నిన్నటి నుంచి పోసిన ఆయిల్ మొత్తం తుడవండి. పెట్రోలు పైపులు, వైర్లు, రబ్బరు బూట్లు, ప్లాస్టిక్ ఎంత దూరంలో ఉన్నాయో చూసి తడి గుడ్డో రేకో అడ్డం పెట్టండి. మంటలార్పే సిలిండర్ చేతికి అందేచోట ఉండాలి. ఇంకోటి, చాలామందికి తెలియనిది: బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెట్టకండి. క్లోరిన్ రకం బ్రేక్ క్లీనర్ మంటకు తగిలితే ఫాస్జీన్ పుడుతుంది. అది ప్రాణం తీసే విషవాయువు. క్లీన్ చేయాలంటే గుడ్డతో తుడిచి, వైర్ బ్రష్‌తో తోమండి చాలు. జింక్ పూత ఉన్న నట్టు కాలితే వచ్చే తెల్లటి పొగ కూడా పీల్చకూడదు.

మంట పెట్టలేని చోట్లు ఉన్నాయి. షాక్ అబ్జార్బర్లలో పీడనంతో గ్యాస్ ఉంటుంది, వాటి దగ్గర టార్చ్ వద్దే వద్దు. బ్రేక్ పైపులు, కాలిపర్, వీల్ బేరింగ్, మళ్లీ వాడదలచుకున్న బాల్ జాయింట్ దగ్గర కూడా అంతే. ఇండక్షన్ హీటర్ అని తీగచుట్టతో నట్టును మాత్రమే కాల్చే పరికరం ఉంది. మంట ఉండదు, కొన్ని సెకన్లలో నట్టు ఎర్రబడుతుంది. ఒక్క నట్టు కోసం కొనమనను, తెలిసినవాళ్ల దగ్గర ఉంటే అడిగి తెచ్చుకోండి. ఇక బోల్టు అల్యూమినియంలోకి దిగి ఉంటే లెక్క మారుతుంది. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, కాబట్టి అక్కడ చుట్టూ ఉన్న అల్యూమినియంను వెచ్చబెట్టాలి, అదీ మితంగా. అది ఎర్రబడకుండానే కరిగిపోతుంది.

కోసేయడం

నిజం చెప్పాలంటే, మూలలు సగం పోయిన నట్టయితే నేను వేడి ఒకటి రెండుసార్లు ప్రయత్నించి, కుదరకపోతే నేరుగా కోతకే వెళతాను. చాలామంది దీన్ని ఓటమి అనుకుని ఆఖరిదాకా వాయిదా వేస్తారు, ఈలోపు స్టడ్ తెగుతుంది. కోతలో స్టడ్‌కి మెలి అన్నదే పడదు, అందుకే నాకిది ఇష్టం.

చోటుంటే నట్ స్ప్లిట్టర్ శుభ్రమైన పని. వలయం నట్టు చుట్టూ పెట్టి స్క్రూ బిగిస్తే లోపలి ఉలి నట్టును చీలుస్తుంది. మరల దాకా దిగకముందే ఆపి, ఎదురు పక్క కూడా అలాగే చేయాలి. చోటు లేకపోతే సన్నటి డిస్క్ వేసిన చిన్న రోటరీ గ్రైండర్. కోత స్టడ్ పొడవు వెంబడి, నట్టు పక్కకి సరిగ్గా మధ్యన దిగాలి. లోపలి మరలు తగిలే ముందు, కాగితమంత పొర ఉండగానే ఆపండి. ఆ గాడిలో ఉలి పెట్టి ఒక దెబ్బ వేస్తే నట్టు విచ్చుకుంటుంది. డిస్క్ మరలకు ఒక గీత పెట్టినా కొంప మునగదు, ఆ తర్వాత డై నట్టు (మరలను సరిచేసే గట్టి నట్టు) తిప్పితే సరిపోతుంది. పెద్ద యాంగిల్ గ్రైండర్‌ను ఇరుకులో, తల మీద పట్టుకుని వాడకండి. డిస్క్ ఇరుక్కుంటే అది చేతిలోంచి తన్నుకుంటుంది.

వెల్డింగ్ మిషన్ ఉన్నవాళ్లు అరిగిన నట్టు మీద పెద్ద నట్టు పెట్టి అతికిస్తారు. కొత్త మూలలూ దొరుకుతాయి, వేడీ అందుతుంది. చాలా మంచి పద్ధతి. బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఎర్త్ క్లాంపు పని చేసే చోటికి దగ్గరగా పెట్టాలి. వెల్డింగ్ అలవాటు లేకపోతే ఈ నట్టు మీద నేర్చుకోకండి.

ఒకవేళ స్టడ్ తెగితే: కొంచెం బయటికి మిగిలితే వైస్ గ్రిప్‌తోనో (బిగించి పట్టుకునే పట్టకారు), రెండు నట్లు ఒకదానిమీద ఒకటి బిగించి లోపలి నట్టు తిప్పో తీయవచ్చు. మొదలంటా తెగితే సరిగ్గా మధ్యలో సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టి, ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్‌తో మొదలుపెట్టండి. ఆ బిట్ లోహాన్ని కోస్తూనే విప్పే వైపు లాగుతుంది, ఒక్కోసారి ముక్క దానంతటదే బయటికి వస్తుంది. డ్రిల్ వేసిన రంధ్రంలో దింపి విప్పే వైపు తిప్పే ఈజీ అవుట్ అనే రివర్స్ టూల్‌ను మాత్రం నేను నమ్మను. అది చాలా గట్టి ఉక్కు, పట్టేసిన స్టడ్ లోపల విరిగితే మామూలు డ్రిల్ దాని మీద దిగదు. ఆ దశలో మానిఫోల్డ్ ఊడదీసి మెషిన్ షాపుకి ఇవ్వడం తెలివైన పని.

తిరిగి బిగించేటప్పుడు మూడు నట్లూ, గ్యాస్కెట్ (ఫ్లాంజ్ మధ్య పొగ కారకుండా వేసే పొర) కొత్తవి వేయండి, స్టడ్లు సన్నబడి ఉంటే అవి కూడా. రాగి పూత ఉన్న ఎగ్జాస్ట్ నట్లు లేదా ఇత్తడి నట్లు దొరికితే అవే తీసుకోండి, స్టడ్‌కి అంటుకుపోవు. స్టెయిన్‌లెస్ స్టడ్ మీద స్టెయిన్‌లెస్ నట్టు పొడిగా వేయకండి, అవి తుప్పు లేకుండానే ఒకదాన్నొకటి కొరికి అతుక్కుపోతాయి. మరలకు యాంటీ సీజ్ పేస్టు (నట్టు పట్టేయకుండా పూసేది) పల్చగా రాయండి. అది రాస్తే ఘర్షణ తగ్గి అదే టార్క్‌కి బిగింపు ఎక్కువ పడుతుంది, కాబట్టి మాన్యువల్‌లోని అంకె పొడి మరలకు ఇచ్చినదైతే నాలుగో వంతు దాకా తగ్గించుకోండి. చక్రాల నట్లకు ఈ పేస్టు వద్దు, తయారీదారు చెబితే తప్ప. మూడింటినీ వంతులవారీగా కొంచెం కొంచెం బిగించండి.

ఇక మీ సెన్సర్ ప్రశ్న. ఆక్సిజన్ సెన్సర్ కొన ఉండేదే ఎగ్జాస్ట్ మంటలో, దానికి వేడి కొత్త కాదు. వెనక వైపు వైరు, రబ్బరు సీలు మాత్రం టార్చ్ మంటకు ఆగవు. కనెక్టర్ విప్పి వైరును దూరంగా కట్టేసి, మధ్యలో రేకు అడ్డం పెడితే చాలు. విప్పిన కనెక్టర్‌లో ఆయిల్ గానీ స్ప్రే గానీ పడనివ్వకండి. చాలా సెన్సర్లు పోలిక కోసం బయటి గాలిని ఆ వైరు సందుల్లోంచే తీసుకుంటాయి, అక్కడ నూనె చేరితే రీడింగ్ తప్పుతుంది. సెన్సర్‌ను తీయకుండా పని జరిగితే తీయకండి, దాని మర కూడా ఇలాగే పట్టేసి ఉండవచ్చు. తీయక తప్పకపోతే ఇంజిన్ కాసేపు నడిపి, చేయి కాలనంత వెచ్చగా ఉన్నప్పుడు, పక్కన చీలిక ఉన్న 22 మిల్లీమీటర్ల సెన్సర్ సాకెట్‌తో తిప్పండి.